ఎవరికి బస, ఎన్ని నక్షత్రాలు

తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ వైపో లాలాపేట వైపో నాలుగు వీధులు తిరిగితే బస దొరికే చోట్ల బోర్డులు వరసగా కనబడతాయి. బాయ్స్ హాస్టల్, వర్కింగ్ విమెన్స్ పీజీ (పేయింగ్ గెస్ట్), లాడ్జి, గెస్ట్‌హౌస్, సర్వీస్ అపార్ట్‌మెంట్, నడుమ ఒకటో రెండో హోటళ్లు. అక్కడి నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోకి వెళితే పేర్ల తీరు మారుతుంది: పీజీ హాస్టల్, రీసెర్చ్ స్కాలర్స్ హాస్టల్, లేడీస్ హాస్టల్, యూనివర్సిటీ గెస్ట్‌హౌస్. ఇన్ని పేర్లలో నక్షత్రాల ఊసు దాదాపు లేదు. గది కొలత ఎంతో, మంచం ఎలాంటిదో, వేణ్ణీళ్లు ఎన్ని గంటలు వస్తాయో బోర్డు చెప్పదు. అది మొదట చెప్పేది ఆ గది ఎవరి కోసమో. హోటళ్ల వర్గీకరణ అనగానే మనకు ఒకటి నుంచి అయిదు దాకా చుక్కల నిచ్చెన గుర్తుకొస్తుంది. దేశదేశాల పర్యాటక శాఖలు నడిపే ఆ నిచ్చెన వయసు నూరేళ్లు దాటి ఎంతో కాలేదు. దానికంటే చాలా పాతదైన మరో వర్గీకరణ ఉంది. అది గదిని కాక, గదిలోకి వచ్చే మనిషిని తూచేది. నక్షత్రాలు వచ్చాక ఈ పాత పద్ధతి పోయిందని అనుకుంటాం. తార్నాక, ఉస్మానియాల చరిత్ర చూస్తే అది పోలేదనీ, నక్షత్రాల పక్కనే, ఒక్కోసారి వాటి లోపలే కాపురం పెట్టిందనీ తెలుస్తుంది.

హైదరాబాదు ప్రాంతంలో బాటసారుల బసకు మిగిలిన పాత సాక్ష్యాలు సరాయిలు. గోల్కొండ దగ్గర షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి రెండంతస్తుల సరాయి ఉంది. పక్కనే మసీదు, జంతువులను కట్టేసుకునే చోటు. మచిలీపట్నం దారిలో హయత్‌నగర్‌లో హయత్‌బక్షీ బేగం పేరిట వెలిసిన మసీదు చుట్టూ గదుల వరసలున్నాయి. నాంపల్లి రైల్వే స్టేషన్ ఎదుట 1919లో కట్టిన సరాయి ఆ సంప్రదాయానికి ఆఖరి పెద్ద నిర్మాణం. అప్పటికి బాటసారి ఒంటె మీద కాక రైల్లో వస్తున్నాడు. ఈ కట్టడాల్లో ఒకే కొలత గదులు వరసగా ఉంటాయి. గదిని బట్టి హెచ్చుతగ్గులు లేవు. అలాగని అక్కడ అందరూ ఒక్కటిగా బతికారని పొంగిపోనక్కర్లేదు. వంట ఎవరిది వారిదే, గిన్నెలు ఎవరివి వారివే. గోడలు చేయని విభజన పొయ్యిలు చేశాయి. బ్రిటిష్ ఇండియాలో 1867లో వచ్చిన సరాయిల చట్టం కూడా నిజాం సరిహద్దుకు అవతల ఇదే దారిలో నడిచింది. సరాయి నడిపేవాడు మేజిస్ట్రేటు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, ఆవరణ శుభ్రంగా ఉంచాలి, తీసుకునే రుసుము అందరికీ కనబడేలా రాసిపెట్టాలి అన్నదే గాని ఫలానా సరాయి మొదటి తరగతి, ఫలానాది మూడో తరగతి అని ఎక్కడా అనలేదు. ప్రభుత్వానికి కావలసింది గది నాణ్యత లెక్క కాదు, లోపల ఎవరున్నారో చెప్పగలిగే యజమాని.

తరగతి అన్న మాటను ఈ ప్రాంతపు నిత్యజీవితంలోకి తెచ్చింది రైలే. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు మార్గం పడింది. తార్నాకను ఆనుకుని ఉన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపుతో, రైల్వే క్వార్టర్లతో పెరిగింది. టికెట్టు మీద తరగతి ఉంటే, వేచి ఉండే గది మీదా అదే తరగతి ఉండేది. పై తరగతుల వాళ్లకు కుర్చీలూ స్నానాల గదులూ, మూడో తరగతి వాళ్లకు రేకుల కింద బండలు. రైల్లో మూడో తరగతిని తీసేసింది 1974లో, అంటే హైదరాబాదుకు రైలొచ్చి నూరేళ్లు నిండే ఏడాదిలో. ఇక్కడొక సంగతి గమనించాలి. రైలు తరగతి డబ్బును బట్టి నిర్ణయమయ్యేది. కులం అడిగేది కాదు. ఆ మేరకు అది సరాయి పొయ్యి కంటే కొత్త ఆలోచన. కాని డబ్బు ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్నకు జవాబు ఆ రోజుల్లో కులాన్నీ ఉద్యోగాన్నీ దాటి పోయేది కాదు గనుక, మూడో తరగతి వెయిటింగ్ హాల్లో ఎవరు కూర్చుంటారో టికెట్టు కొనకముందే చాలామందికి తెలుసు.

మనిషిని బట్టి బస అన్నది ఉస్మానియా విశ్వవిద్యాలయం కథలో మరింత తేటగా కనిపిస్తుంది. 1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చాడు, 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది, మరుసటి ఏడు పాఠాలు మొదలయ్యాయి. తొలి రోజుల్లో ఊరి నడుమ అద్దె భవనాల్లో నడిచిన చదువును అడిక్‌మెట్‌కు తరలించాలని నిర్ణయించారు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఆర్ట్స్ కళాశాల 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. ఊరికి దూరంగా వందల ఎకరాల్లో విశ్వవిద్యాలయం కట్టడమంటే చదువుతో పాటు నివాసాన్నీ కట్టడమే. మరాఠ్వాడా నుంచీ కన్నడ జిల్లాల నుంచీ తెలంగాణ పల్లెల నుంచీ వచ్చే కుర్రాళ్లు ఎక్కడో ఒకచోట పడుకోవాలి కదా. సరిగ్గా అదే 1918లో ఊళ్లో మరో నివాసం మొదలైంది. తర్వాత నగర కొత్వాలైన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ వెలిసింది. సురవరం ప్రతాపరెడ్డి ఏళ్ల తరబడి దాని బాగోగులు చూశారు. పేరులో కులం ఉన్నా అది ఇతరులకూ చోటిచ్చింది, మంచి గ్రంథాలయాన్ని పోషించింది, తెలుగు చదువుకు ఆసరా అయింది. దాని తర్వాత నగరంలో ఇతర కులాల వసతి గృహాలూ వచ్చాయి. విశ్వవిద్యాలయం సర్కారుది, ఉర్దూ మాధ్యమానిది. ఊళ్లోని వసతి గృహం సంఘానిది, చాలాసార్లు కులానిది. పల్లె నుంచి వచ్చిన తెలుగు కుర్రాడు ఈ రెంటిలో ఎక్కడ దిగుతాడన్నది గది వైశాల్యం తేల్చే విషయం కాదు. ఎక్కడ తనవాళ్లున్నారో, ఎక్కడి వంట తాను తినగలడో అదే తేల్చింది.

వసతి గృహం కేవలం పడక కాదని 1938 నిరూపించింది. ఉస్మానియా హాస్టళ్లలోని ప్రార్థన గదిలో హిందూ విద్యార్థులు వందేమాతరం పాడారు. అది రాజకీయ గీతమని అధికారులు నిషేధించారు. నిషేధాన్ని ఒప్పుకోని విద్యార్థులు ఆ నవంబరులో సమ్మెకు దిగారు. ప్రభుత్వం వారిని బయటికి పంపింది. ఇతర కళాశాలల్లోనూ అదే జరిగింది. వరంగల్లు వైపు నుంచి బయటపడ్డవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. ఈ ఘట్టాన్ని జాతీయోద్యమ చరిత్రలో చెప్పుకుంటాం, న్యాయమే. బస చరిత్రలోనూ దానికి చోటుంది. వివాదం తరగతి గదిలో పుట్టలేదు, పుట్టింది నివాసంలో. హాస్టల్లో ఉండనివ్వడమనేది ఒక షరతు మీద ఇచ్చిన అనుమతి అనీ, షరతు మీరితే మంచం కూడా పోతుందనీ ఆ కుర్రాళ్లకు తెలిసివచ్చింది. ప్రభుత్వ దృష్టిలో ఆ గదికున్న వర్గం ‘విధేయుడైన విద్యార్థి గది’. ఏ పర్యాటక శాఖ జాబితాలోనూ ఈ వర్గం కనబడదు, కాని గది దక్కడమూ పోవడమూ దీని చేతిలోనే ఉంది.

ఇదంతా జరుగుతున్న కాలానికి పడమటి దేశాల్లో నక్షత్రాలు పుట్టి పెరుగుతున్నాయి. అవి పుట్టింది మోటారు కారు కోసం. ఫ్రాన్సులో టైర్ల కంపెనీ మిషెలాన్ 1900లో కారు యజమానులకు ఉచితంగా ఒక మార్గదర్శిని పంచింది. 1926 నుంచి మంచి భోజనశాలలకు నక్షత్రం పెట్టింది. బ్రిటన్‌లో ఆటోమొబైల్ అసోసియేషన్ 1912లోనే హోటళ్లకు నక్షత్రాలివ్వడం మొదలుపెట్టింది. బ్రాందీ సీసాల మీది చుక్కల వరస చూసి ఆ పద్ధతి తెచ్చారంటారు. తెలియని ఊళ్లో చీకటి పడే వేళకు దిగే కారు ప్రయాణికుడికి అక్కడ బంధువులుండరు, కులసంఘం ఉండదు, సిఫారసు ఉత్తరం ఉండదు. ఎవరినీ అడగకుండా నమ్మదగిన గుర్తు ఒకటి కావాలి. నక్షత్రం అపరిచితుల మధ్య నమ్మకానికి పుట్టిన పనిముట్టు. తార్నాక ప్రాంతానికి వచ్చినవాళ్లు అలాంటి అపరిచితులు కారు. రైల్లోనో బస్సులోనో దిగి, ఒక రాత్రికి కాక ఒక విద్యా సంవత్సరానికి, ఒక ఉద్యోగ కాలానికి వచ్చారు. ఎవరో ఒకరి మాట మీద వచ్చారు. ఇక్కడ నక్షత్రాలు ఆలస్యంగా, అరకొరగా వెలగడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు.

మన దేశంలో నక్షత్రాలను తెచ్చింది ప్రభుత్వం, విదేశీ అతిథి కోసం. 1956లో ఢిల్లీలో యునెస్కో మహాసభ జరగవలసి ఉండగా ప్రతినిధులను దించడానికి తగిన హోటలు లేదని అశోకా హోటల్ కట్టారు. 1957లో హోటళ్ల ప్రమాణాలు, గదుల ధరలు పరిశీలించడానికి కేంద్రం ఒక కమిటీని వేసింది. దాని సిఫారసుల నుంచే తర్వాతి దశాబ్దంలో నక్షత్రాల విధానం రూపుదిద్దుకుంది. విదేశీ మారకం కావాలి, విదేశీయుడు రావాలి, అతనికి తెలిసిన భాషలో హోటలు స్థాయి చెప్పాలి. సరిగ్గా అదే 1957లో మద్రాసులో ఇంకో హోటల్ వర్గీకరణ మీద పోరు సాగింది. ట్రిప్లికేన్‌లో ఒక కాఫీ హోటలు బోర్డు మీద ‘బ్రాహ్మణ’ అన్న మాట తీసేయాలని పెరియార్ ఇ.వి. రామసామి అనుచరులు నెలల తరబడి ఆందోళన చేశారు. బ్రాహ్మణ భోజన హోటలు, ఉడిపి హోటలు, మాంసం దొరికే మిలిటరీ హోటలు: ఈ పేర్లు తెలుగు ఊళ్లన్నిటికీ తెలిసినవే. వంటవాడి కులమో మతమో, పళ్లెంలో వస్తువో, రెండూ కలిపో బోర్డెక్కించిన వర్గాలివి. హైదరాబాదు ఇరానీ హోటలు మాత్రం విచిత్రమైన కలయిక: పేరు యజమాని పుట్టిన దేశానిది, బల్ల ఎవరిదైనా. మార్బుల్ బల్ల ముందు కూర్చున్నవాడిని నువ్వెవరని అడిగే ఆచారం అక్కడ నిలవలేదు. ఆ మేరకు అది చట్టం కంటే ముందు నడిచింది.

చట్టం కూడా వెనకపడలేదు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలతో, వినోదశాలలతో పాటు హోటళ్ల పేరు విడిగా ఎత్తి, కులమతాల పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదంది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకా ముందుకెళ్లి, హోటలు అంటే ఉపాహారశాల, బోర్డింగ్ హౌస్, లాడ్జింగ్ హౌస్, కాఫీ హౌస్ కూడా అని నిర్వచించింది; ధర్మశాలలనూ సరాయిలనూ ముసాఫిర్‌ఖానాలనూ చేర్చింది. నక్షత్రాలు విడదీయబోయే వాటినన్నిటినీ ఆ చట్టం ఒక్క సంచిలో వేసింది, ఎందుకంటే దాని ప్రశ్న ఒకటే: లోపలికి రానిస్తున్నారా లేదా? రెండేళ్ల తేడాతో ఒకే ప్రభుత్వం రెండు పనులు చేసింది. ఒకటి హోటలు తలుపు అందరికీ తెరిపించడం, రెండోది తలుపు వెనక గదిని కొలవడం. ఈ రెంటిలో రెండోదానికే పేరొచ్చింది.

నక్షత్రాల పక్షాన చెప్పవలసిన మాట గట్టిదే, దాన్ని దాటవేయడం తగదు. కేంద్ర పర్యాటక శాఖ కమిటీ కొలిచేవి కంటికి కనబడే వస్తువులు. కనీసం పది గదులుండాలి, గదికి బయటి గాలి రావాలి, అయిదు నక్షత్రాల హోటల్లో స్నానాల గది కాక పడకగది కనీసం 200 చదరపు అడుగులుండాలి, దివ్యాంగులకు ఏర్పాట్లుండాలి. గుర్తింపు అయిదేళ్లకే, ఆపైన మళ్లీ తనిఖీ. దరఖాస్తు పెట్టుకోవడం హోటలు ఇష్టం. ఇందులో అతిథి కులం లేదు, భాష లేదు, ఊరు లేదు. డబ్బు కట్టినవాడికి గది. వంటవాడి జంధ్యం చూసి హోటలు ఎంచుకునే దేశంలో చదరపు అడుగులు చూసి ఎంచుకోమనడం చిన్న సంస్కరణ కాదు. ఉస్మానియాకు కూతవేటు దూరంలో, విద్యానగర్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాలనీలో హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది. వంట, వడ్డన, గది సర్దడం అక్కడ కులవృత్తి కాదు, పరీక్ష రాసి నేర్చుకునే విద్య. నక్షత్రాల లోకం లేకపోతే అలాంటి విద్యకు గిరాకీ ఎక్కడిది? కాబట్టి ఈ వ్యాసం వాదన నక్షత్రాలు బూటకమని కాదు. గదినే కొలుస్తున్నామని అవి చెప్పే మాట సగమే నిజమని.

మిగతా సగం ఎక్కడుందో చూడాలంటే ఆ నిచ్చెన పక్కనే ప్రభుత్వం వేసిన ఇంకో మెట్ల వరస చూడాలి. హెరిటేజ్ హోటళ్లనే వర్గం చదరపు అడుగులతో తృప్తిపడదు. 1950కి ముందు కట్టిన కోట, రాజభవనం, హవేలీ, వేట బంగళా కావాలి. పైగా వంశగౌరవం ఉంటే మంచిది. నిజాం కొలువులోని నిజామత్ జంగ్ 1915లో కట్టుకున్న హిల్‌ఫోర్ట్ భవనం నిజాం రెండో కొడుకు మోజంజా నివాసమై, 1955 నుంచి రిట్జ్ హోటలై నడిచింది. వికారుల్ ఉమ్రా కట్టిన ఫలక్‌నుమా 2010లో తాజ్ హోటలైంది. ఇలాంటి చోట మనం డబ్బిచ్చేది పరుపుకా, ఆ గదిలో ఒకప్పుడు ఎవరు నిద్రపోయారన్న కథకా? అతిథి ఎవరని అడగడం మానేసిన వ్యవస్థ, పాత యజమాని ఎవరని అడిగి ధర కడుతోంది. కేరళ ఇంకో మలుపు తిప్పింది. 2014లో బార్లను అయిదు నక్షత్రాల హోటళ్లకే పరిమితం చేసింది, 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దాంతో నక్షత్రం గది కొలత నుంచి ఫలానావాళ్లు తాగవచ్చు, ఫలానావాళ్లు తాగకూడదనే గీతగా మారింది. ఆ విధానం ఎక్కువ కాలం నిలవలేదు గాని, నక్షత్రాన్ని ఎంత సులువుగా మనుషుల మీదికి తిప్పవచ్చో చూపించి వెళ్లింది.

వీటికంటే తార్నాకకు దగ్గరిది ప్రయాణభత్యం పట్టిక. ఈ ప్రాంతం కేంద్ర సంస్థల కొలువు. 1944లో మొదలై తర్వాత ఐఐసీటీగా మారిన పరిశోధనాలయం, 1958లో కూనూరు నుంచి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, అదే ఏడాది పుట్టి నేడు ఇఫ్లూగా ఉన్న ఆంగ్ల విద్యాసంస్థ, ఆపైన భూభౌతిక పరిశోధనా సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, కణజీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ. వీటికి పని మీద వచ్చేవాళ్లు ఎక్కడ దిగాలో నక్షత్రాలు చెప్పవు, జీతపు మెట్టు చెబుతుంది. ఏడో వేతన సంఘం తర్వాత 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో హోటలు ఖర్చు పైమెట్టు అధికారికి రోజుకు 7,500 రూపాయలు, దాని కింద 4,500, ఆ కింద 2,250, ఇంకా కింద 750, అట్టడుగు మెట్టుకు 450గా పెట్టారు. అయిదు మెట్లు, అయిదు నక్షత్రాలు: కాకతాళీయమే కావచ్చు. ఒకే రైల్లో వచ్చి ఒకే ప్రయోగశాలలో ఒకే సాయంత్రం దాకా పనిచేసిన శాస్త్రవేత్తా సాంకేతిక సహాయకుడూ రాత్రికి రెండు లోకాల్లో పడుకుంటారు. 450 రూపాయల హోటలు గది హైదరాబాదులో ఎక్కడ దొరుకుతుందో నిబంధన రాసినవారే చూపించాలి. దొరకదు గనుకే సంస్థల గెస్ట్‌హౌస్‌లు నిండుతాయి. అక్కడా ఆఫీసు పని మీద వచ్చినవారికి ఒక ధర, సొంత పనికి వచ్చినవారికి ఒకటి, పదవిలో ఉన్నవారికి ముందు వరస. ఇందులో తప్పేముంది, ప్రజాధనానికి హద్దు ఉండొద్దా అనవచ్చు. ఉండాలి. కాని ఆ హద్దు గది ధరకు గీసింది కాదు, మనిషి హోదాకు గీసింది. గదిని కొలవడమే న్యాయమని హోటళ్లకు చెప్పిన ప్రభుత్వం తన ఉద్యోగి విషయంలో పాత పద్ధతినే పాటిస్తోంది.

ఇక్కడొక బలమైన అభ్యంతరం వస్తుంది. హాస్టలు, పీజీ, గెస్ట్‌హౌస్ హోటళ్లు కావు. నక్షత్రాలు ఒక రాత్రి బసకు, హాస్టలు ఏళ్ల నివాసానికి. రెంటినీ ఒక తక్కెడలో వేయడం అన్యాయం. ఒక రాత్రికి దిగేవాడితో హోటలుకు పొత్తు లేదు, ఏడాది ఉండేవాడితో పక్క మంచం వాడికి పొత్తు ఉంటుంది. అందుకే ఆడపిల్లల హాస్టలు వేరు, పరిశోధక విద్యార్థుల హాస్టలు వేరు. ఈ తేడాలో నిజముంది. ఊరు కాని ఊరులో చదువుకొచ్చిన అమ్మాయికి ‘లేడీస్ హాస్టల్’ అన్న బోర్డు ఏ మూడు నక్షత్రాలకూ తీసిపోని భరోసా. కాని హాస్టళ్లలో మనుషులను వేరుచేసింది ఈ అవసరం ఒక్కటే కాదని ఉస్మానియా చెబుతుంది. జాబితాలో పేరున్న బోర్డరు, లేకపోయినా స్నేహితుడి గదిలో ఉండి చదువుకునే నాన్‌బోర్డరు: ఈ రెండు తెగలు ఆ ఆవరణలో దశాబ్దాలుగా ఉన్నాయి. నాన్‌బోర్డర్ల ఏరివేత అన్న వార్త పత్రికల్లో వస్తూనే ఉంటుంది. ఏరివేసేది గది నిండిందని మాత్రమేనా, ఉద్యమాల కాలంలో ఎవరున్నారో లెక్క కావాలనా అన్న అనుమానం విద్యార్థులకు ఎప్పుడూ ఉంది. 1938 గుర్తున్నవాళ్లకు అది వింతగా తోచదు. 2012 ఏప్రిల్‌లో హాస్టల్ మెస్సులో తమ తిండికీ చోటుండాలంటూ దళిత బహుజన విద్యార్థులు ఆవరణలో బీఫ్ ఫెస్టివల్ జరిపారు. వ్యతిరేకులతో ఘర్షణ జరిగింది. ఆ కోరికతో ఏకీభవించినా లేకున్నా, గొడవ వంటకం గురించి మాత్రమే కాదని రెండు పక్షాలకూ తెలుసు. మెస్సు ఎవరిదో తేల్చే గొడవ అది. సరాయిలో వేరుగా వెలిగిన పొయ్యి, మద్రాసు బోర్డు మీది మాట, ఉస్మానియా మెనూ ఒకే ప్రశ్నకు మూడు కాలాల రూపాలు.

మరో అభ్యంతరం కొత్త తరానిది. ఇప్పుడు ప్రభుత్వ నక్షత్రాలను చూసేదెవరు, ఫోనులో వందలమంది ఇచ్చిన మార్కులున్నాయి, గదిలో ఉన్నవాడే తీర్పరి అంటారు. వినడానికి ప్రజాస్వామ్యంలా ఉంటుంది. కాని ఆ మార్కులు గదిని కొలవవు. ఇచ్చిన డబ్బుకూ పెట్టుకున్న ఆశకూ మధ్య దూరాన్ని కొలుస్తాయి. తక్కువ ధర లాడ్జికి నాలుగున్నర రావచ్చు, పెద్ద హోటలుకు నాలుగే రావచ్చు. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చలేం. నీటి ట్యాంకు కడిగారా, మంటలు లేస్తే బయటపడే మెట్లున్నాయా అన్నవి అతిథి కంటికి కనబడవు. పైగా ఆ తెరల మీదే పాత వర్గీకరణ తిరిగి కొలువుతీరింది. స్థానిక ఆధార్ చెల్లదు, పెళ్లికాని జంటలకు ఇవ్వబడదు, బ్యాచిలర్లకు లేదు, కుటుంబాలకే: ఇవన్నీ గది వివరాల కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. తార్నాకలో ఉండే మనిషికి తార్నాక లాడ్జిలో గది దొరకకపోవడానికి కారణం అతని చిరునామా. చట్టం చాలావాటిని తప్పనదు. కులమతాల గురించి మాట్లాడే 15వ అధికరణానికి పెళ్లి గురించీ చిరునామా గురించీ చెప్పడానికి ఏమీ లేదు.

చివరికి పన్నుల శాఖ కూడా మనిషిని తూచే దారికే వచ్చిందన్నది ఈ వాదనకు అన్నిటికంటే బలమైన ఆధారం. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు గది పన్నును నక్షత్రాలతో కాక రోజు అద్దెతో ముడిపెట్టారు. వెయ్యి రూపాయల లోపు గదికి పన్ను ఉండేది కాదు. ఆ మినహాయింపు 2022 జూలైలో పోయింది. 2025 సెప్టెంబరు నుంచి రోజుకు 7,500 దాకా అయిదు శాతం, ఆపైన పద్దెనిమిది. ఇంతవరకు అది గది లెక్క, సాఫీగానే ఉంది. చిక్కు హాస్టళ్ల దగ్గర వచ్చింది. 2023లో కర్ణాటక, ఉత్తరప్రదేశ్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీలు పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు నివాస గృహాలు కావు, వాటికి పన్ను పడుతుందన్నాయి. 2024 మార్చిలో మద్రాసు హైకోర్టు ఆడవాళ్ల హాస్టళ్ల కేసులో అందుకు భిన్నంగా, అవి నివాసాలేనంది. ఆ ఏడాది జూన్‌లో జీఎస్టీ మండలి మధ్యేమార్గం కనిపెట్టింది: మనిషికి నెలకు 20,000 రూపాయల లోపు, వరుసగా 90 రోజులకు తగ్గకుండా ఉంటే పన్ను లేదు. మంచమూ గదీ మెస్సూ అవే అయినా ఉండేవాడు ఎన్నాళ్లుంటాడన్నదాన్ని బట్టి పన్ను మారుతుంది. ఉస్మానియా లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షలకు చదివేందుకు జిల్లాల నుంచి వచ్చేవాళ్లు నోటిఫికేషన్ పడితే చేరతారు, పరీక్ష వాయిదా పడితే ఊరెళతారు, మళ్లీ వస్తారు. వాళ్ల కాలం 90 రోజుల గళ్లలో ఇమడదు. కింది అంతస్తుల్లో నెలవారీ మంచాలూ పై అంతస్తులో రోజువారీ గదులూ నడిపే యజమాని ఒకే మెట్లెక్కే ఇద్దరు మనుషులకు రెండు రకాల రసీదులు రాయాలి. రెండు నెలలకే ఖాళీ చేసినవాడు విద్యార్థా, అతిథా అన్నది తేల్చవలసింది ఇప్పుడు అతను నింపిన రిజిస్టరు.